తొలితరం మహిళా పోలీసుల మాటలు రికార్డు చేయించండి: ఇద్దరు డీజీపీలకు ఒక మనవరాలి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డైరెక్టర్ జనరల్స్ ఆఫ్ పోలీస్ గార్లకు,

నమస్కారం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970లలో పోలీసు శాఖలో కానిస్టేబుళ్లుగా చేరిన ఆడవాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది. కొందరు లేరు. మా అమ్మమ్మ పోయిన ఏడాది చనిపోయింది. కృష్ణా జిల్లాలో తొలితరం మహిళా కానిస్టేబుళ్లలో ఆవిడ ఒకరు. కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరైంది. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పి, మిగిలిన వాళ్ల కోసం మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

అడిగేదేమిటో ముందే చెబుతాను. ఆ తరం మహిళా కానిస్టేబుళ్లలో, హెడ్ కానిస్టేబుళ్లలో బతికున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ శాఖ తరఫున మనిషిని పంపండి. వాళ్ల సర్వీసు అనుభవాన్ని వాళ్ల గొంతుతోనే రికార్డు చేయించండి. వాళ్ల పేర్లతో ఒక జాబితా తయారుచేయించి జనానికి అందుబాటులో పెట్టండి. రెండు రాష్ట్రాలకీ కలిపి అడుగుతున్నాను. ఎందుకంటే వాళ్లు పనిచేసినప్పుడు శాఖ ఒకటే. గుంటూరులో చేరినవాళ్లు వరంగల్‌కి బందోబస్తుకి వెళ్లారు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ వచ్చారు.

మహిళా పోలీసుల చరిత్ర అనగానే మనకి గుర్తొచ్చే పేర్లు కొన్ని ఉన్నాయి. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ. మన రాష్ట్రం వరకు 1979 బ్యాచ్ అరుణా బహుగుణ. ఆవిడే 2014లో హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీకి డైరెక్టరయ్యారు. ఆ సంస్థకి ఆ పదవిలో వచ్చిన తొలి మహిళ ఆవిడే. ఈ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాల్సిందే. పోటీ పరీక్షల పిల్లలు కంఠతా పడతారు. మరి అదే 1970లలో పదో తరగతి చదువుతో, ఊళ్లో అందరి మాటలూ పడి, కానిస్టేబుల్ నంబరు తగిలించుకుని ఠాణాలో అడుగుపెట్టిన ఆడవాళ్లు ఎవరు? ఏ జిల్లాలో ఎంతమంది? మా అమ్మమ్మతో పాటు చేరినవాళ్ల పేర్లు మాకు తెలిసింది ఆవిడ చెబితేనే. ఆవిడ చెప్పకపోతే మాకూ తెలిసేవి కావు.

ఇక ఆవిడ గురించి. పేరు ఇక్కడ రాయడం లేదు, వివరాలు మీ కార్యాలయాలకి విడిగా పంపుతాను. ఈ లేఖ ఆవిడ ఒక్కరి కోసం రాసింది కాదు.

గుడివాడ దగ్గర పల్లెటూరు వాళ్లది. నాన్న కౌలు రైతు. ఎస్సెస్సెల్సీ పాసై ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుంటే, ఎప్పటికో కార్డు వచ్చిందట. మనిషి బాగా పొడుగు. ఆ పొడుగు వల్లే సంబంధాలు కుదరడం లేదని వాళ్లమ్మ దిగులుపడేది. చివరికి ఉద్యోగం ఇప్పించింది ఆ పొడుగే. అయితే టీచరమ్మో నర్సమ్మో అయితే చెప్పుకోవడానికి బాగుండేది గానీ పోలీసేమిటని ఊరంతా మాట్లాడుకున్నారు. ఖాకీ చీర కట్టుకుని మొదటిసారి ఊరొచ్చిన రోజు మేనమామ పలకరించలేదని ఆవిడ ముసలితనంలో కూడా చెప్పేది. పెళ్లి ఆలస్యమైంది. మా తాతయ్య ఆర్టీసీ కండక్టరు. నైట్ డ్యూటీ అంటే ఏమిటో, పండగపూట ఇంట్లో లేకపోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి కుదిరిందని అనేది.

అప్పటికి దేశంలో మహిళా పోలీసులు బొత్తిగా కొత్తేమీ కాదు. తిరువాంకూరు సంస్థానంలో 1930లలోనే కొద్దిమందిని తీసుకున్నారు. 1973లో తమిళనాడు మహిళా పోలీసు విభాగం పెట్టింది. అదే ఏడాది అక్టోబరు 27న కోళికోడ్‌లో దేశంలోనే మొదటి మహిళా పోలీస్ స్టేషన్‌ని ఇందిరాగాంధీ ప్రారంభించారు. కానీ జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఒక ఠాణాలో ఇద్దరు ముగ్గురు ఆడ కానిస్టేబుళ్లు వచ్చి నిలబడితే, వాళ్లకి ఏం పని చెప్పాలో అక్కడి ఎస్సైకే తెలిసేది కాదట. మొదటి రోజుల్లో కేసు ఫైళ్లకి దారం కుట్టించారు. లాకప్‌లో ఆడమనిషి ఉంటే కాపలా పెట్టారు. మంత్రి వస్తే స్వాగతం దగ్గర నిలబెట్టారు. ఆ తర్వాత పని వాళ్లే వెతుక్కున్నారు. ఈ సంగతి మా అమ్మమ్మ మాటల్లో మళ్లీ మళ్లీ వచ్చేది. ‘మాకు పని ఎవరూ నేర్పలేదే అమ్మాయ్, అవసరం నేర్పింది’ అనేది.

ఆ అవసరాల్లో మొదటిది దివిసీమ ఉప్పెన. 1977 నవంబరు 19. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్లకి ఊళ్లు సముద్రంలో కలిశాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. అమ్మమ్మకి అప్పటికి సర్వీసు బాగా తక్కువ. రోడ్లు లేవు, వంతెనలు తెగిపోయాయి, నడిచి వెళ్లారు. అక్కడ ఆవిడకి అప్పజెప్పిన పని ఆడవాళ్ల శవాల దగ్గర. సామూహిక దహనానికి ముందు ఒక్కో శవానికీ గుర్తులు రాసుకోవాలి. ముఖాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. అందుకని చేతికి ఏ రంగు గాజులున్నాయి, కాలికి మెట్టెలున్నాయా, మెడలో పసుపుతాడా పుస్తెలా, పచ్చబొట్టు ఎక్కడుంది, రవిక ఏ రంగు అని రాసేవారు. రాసిన కాగితాలు తడిసిపోతుంటే పొగాకు బ్యారన్ల నుంచి తెచ్చిన గోనెపట్టాల్లో చుట్టి దాచారట. వారాల తర్వాత పొరుగూళ్ల నుంచి బంధువులు వచ్చి అడిగేవాళ్లు. పచ్చగాజులు, ఎడమచేతి మీద తేలు పచ్చబొట్టు అని చదివితే, ‘మా చెల్లెలే’ అని కూలబడిన మనుషుల్ని ఆవిడ చూసింది.

శవాల్ని ముట్టుకోవడానికి మనుషులు దొరకని ఆ రోజుల్లో, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పని చేసిన వాళ్లలో ఇరవయ్యేళ్ల అమ్మాయిలు ఉన్నారు. ఈ మాట నేను ఏ ఉప్పెన కథనంలోనూ చదవలేదు. అమ్మమ్మ కూడా అడిగితేనే చెప్పేది, చెప్పిన రోజు అన్నం తినేది కాదు. నేను అడగడం మానేశాను. మీ మనిషి ఎవరైనా, ఆ పని తెలిసిన వాళ్లెవరైనా పద్ధతిగా కూర్చుని అడిగి ఉంటే, విపత్తుల్లో శవాల గుర్తింపు ఎలా చెయ్యాలో ఈ తరం పోలీసులకి ఒక పాఠం దొరికేది.

తర్వాతి ఏడాది, 1978 మార్చిలో, హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన ఘోరం మీకు తెలుసు. సినిమా చూసి తిరిగొస్తున్న ఒక మహిళ మీద స్టేషన్‌లో అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కుకునే ఆమె భర్త పోలీసు దెబ్బలకి చనిపోయాడు. ఊరు అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు కర్ణాటకకి బదిలీ అయ్యాక అక్కడి కోర్టులో నిందితులు విడుదలయ్యారు. ఆమె పేరు అప్పటి పత్రికల నిండా ఉంది, నేను మళ్లీ రాయను. ఆ రోజుల్లో ఖాకీ చీరతో బస్సెక్కితే పక్కసీట్లో ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లని అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి కోపం రాలేదట. ‘నేనైనా లేచేదాన్నే’ అంది.

మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక మీద 1972లో పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగితే, నిందితులైన ఇద్దరు పోలీసుల్ని సుప్రీంకోర్టు వదిలేసింది. ఆ తీర్పు మీద 1979 సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్, దేశ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఉద్యమం లేచింది. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరం చేశారు, బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరం చేశారు. అదే ఏడాది భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసని నేరం చేసే 498ఎ సెక్షన్ వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా విచారణ తప్పనిసరి అయింది. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా పెట్టారు.

ఢిల్లీలో చట్టం మారితే బందరు ఆసుపత్రి వార్డులో ఏం మారిందో చెప్పగలిగిన మనిషి మా అమ్మమ్మ. 1980లలో కాలిన గాయాలతో వచ్చే కోడళ్ల దగ్గరికి ఆవిడని పంపేవారు. మరణ వాంగ్మూలం మేజిస్ట్రేటు తీసుకుంటారు. కానీ మేజిస్ట్రేటు వచ్చేలోపు ఆ మంచం పక్కన ఎవరుండాలి? అంతకుముందు అయితే భర్త, అత్త, మామ ఉండేవాళ్లు. ‘స్టవ్ పేలిందని చెప్పమ్మా, పిల్లల ముఖం చూసి చెప్పమ్మా’ అని చెవిలో చెప్పేవాళ్లు. అమ్మమ్మ వార్డులోకి వెళ్లగానే చేసే మొదటి పని వాళ్లని బయటికి పంపడం. ఏదో ఒక పని చెప్పేది. మందుల చీటీ ఇచ్చి పంపేది, డాక్టరు పిలుస్తున్నారనేది. తర్వాత తలుపు దగ్గర నిలబడి ఎవర్నీ రానిచ్చేది కాదు. లోపలికెళ్లి కేసు సంగతి అడిగేది కాదు. పిల్లలెంతమంది, ఇప్పుడు ఎవరి దగ్గరున్నారు అని అడిగేది. పిల్లల్ని ఆ అమ్మాయి పుట్టింటివాళ్ల దగ్గరికి చేర్చామని తెలిసిన తర్వాతే చాలామంది నిజం చెప్పేవాళ్లట. పిల్లలు అత్తింట్లో ఉన్నంతసేపూ స్టవ్వే పేలేది.

ఈ ఒక్క సంగతి ఎంత విలువైనదో ఆలోచించండి. ఇది ఏ పోలీసు మాన్యువల్‌లోనూ లేదని నేను అనడం లేదు. కానీ ఇది కనిపెట్టినవాళ్లు కానిస్టేబుళ్లు, జీతం వందల్లో ఉన్న ఆడవాళ్లు. వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. బందరులో అమ్మమ్మ చేసినది ఏలూరులో ఇంకొకావిడ చేసింది. ఆడమనిషిని విచారణ కోసం ఠాణాకి పిలవకూడదు, మనమే ఆమె ఉన్నచోటికి వెళ్లాలి అని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పేది. ఆ సెక్షన్ నంబరు అమ్మమ్మకి నోటికి వచ్చు. పై అధికారులకి ఎదురు మాట్లాడలేదు కాబట్టి, ‘160 ఉంది కదండీ సార్’ అని మెల్లగా గుర్తుచేసేదట. మా ఇంట్లో అది సామెతలా అయిపోయింది. ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే మా పిన్ని ఇప్పటికీ 160 ఉంది కదండీ అంటుంది.

ఎస్కార్టు డ్యూటీల గురించి కూడా చెప్పాలి. శిక్షపడిన ఆడఖైదీలని రాజమండ్రి మహిళా జైలుకి తీసుకెళ్లేవారు, బస్సులో కొంత, రైల్లో కొంత. ఒకసారి ఒక ఖైదీ చంటిపిల్లతో ఉంది. బెజవాడ స్టేషన్‌లో రైలు ఆలస్యమైంది, రాత్రంతా ప్లాట్‌ఫాం మీదే. పిల్ల ఏడుపు ఆపడం లేదు. ఖైదీకి పాలు పడటం లేదు. అమ్మమ్మకి అప్పటికి మా అమ్మ పుట్టి కొన్ని నెలలే. మా అమ్మని ఇంట్లో వదిలి డ్యూటీకి వచ్చిన మనిషి. ఆ పిల్లకి తన పాలిచ్చింది. ఈ సంగతి డైరీలో రాయలేదు, పై అధికారులకి చెప్పలేదు. మా అమ్మకి కూడా ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పింది. జైల్లో తల్లుల దగ్గర ఉండే పిల్లల బాగోగుల గురించి సుప్రీంకోర్టు 2006లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఏపీ. తీర్పు వార్త పేపర్లో చూసి అమ్మమ్మ ఆ పిల్ల గురించే అడిగింది, ఇప్పుడు ఎక్కడుందో అని.

సారా ఉద్యమం నాటి మాట. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటల దగ్గర ఆడవాళ్లు బైఠాయించేవారు. వాళ్లని లేపడానికి మగ పోలీసులు వెళితే గొడవ అవుతుందని మహిళా కానిస్టేబుళ్లని ముందు నిలబెట్టారు. ఎదురుగా ఉన్నది కూలికెళ్లే ఆడవాళ్లు. ఇటు ఉన్నది అలాంటి ఇళ్ల నుంచే వచ్చిన ఆడవాళ్లు. ఒక ముసలావిడ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, ‘నీ ఇంట్లో తాగేవాళ్లు లేరా?’ అని అడిగిందట. అమ్మమ్మ అన్నయ్య సారాకే చనిపోయాడు. ఆ మాటే చెప్పింది. లాఠీ పక్కన పెట్టి వాళ్ల ముందు కింద కూర్చుంది. వేలం ఆ రోజు వాయిదాపడింది. తర్వాత మెమో వచ్చింది, సంజాయిషీ రాసింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఆ తర్వాత నాటుసారా బట్టీల మీద దాడులకి వెళ్లిన బృందాల్లో కూడా అమ్మమ్మ ఉంది, చాలా ఇష్టంగా వెళ్లింది. సారా ఉద్యమం మీద ఎంతో రాశారు, పరిశోధనలు చేశారు. ఆ వేలంపాటల దగ్గర లాఠీ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకి లోపల ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగలేదు.

పుష్కరాల గురించి రాయాలంటే చాలా ఉంది. 1980, 1992, 2004 కృష్ణా పుష్కరాలు మూడింట్లోనూ ఆవిడ విజయవాడ ఘాట్ల దగ్గర డ్యూటీ చేసింది. తప్పిపోయిన పిల్లలు, మెడలో గొలుసులు తెంపేవాళ్లు, ఊపిరాడక పడిపోయే ముసలమ్మలు. పన్నెండు రోజులు నిలబడే ఉండాలి. అక్కడా, అంతకుముందు పనిచేసిన ఒక ఠాణాలోనూ ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. అందుకని డ్యూటీ రోజుల్లో నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆవిడకి కిడ్నీ జబ్బు రావడానికి అదే కారణమని నేను డాక్టరులా చెప్పలేను గానీ, ఆవిడ మాత్రం అలాగే నమ్మింది. ఇప్పటికీ బందోబస్తుకి వెళ్లే అమ్మాయిలు నీళ్లు తాగకుండా నిలబడుతున్నారు. మొబైల్ టాయిలెట్లు వచ్చాయి, ఇంకా చాలా రావాలి.

అమ్మమ్మ మీ శాఖని ప్రేమించింది. చివరి వరకూ ‘మా డిపార్ట్‌మెంట్’ అనే అనేది. 2009లో సబితా ఇంద్రారెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రానికి హోంమంత్రి అయినప్పుడు టీవీ ముందు నిలబడి సెల్యూట్ చేసింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వరసగా సుచరిత గారు, వనిత గారు, అనిత గారు ఆ పదవిలోకి వచ్చారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలైనప్పుడు, 2020లో రాజమండ్రిలో దిశ పోలీస్ స్టేషన్ పెట్టినప్పుడు ఆవిడ ఎంత సంతోషపడిందో నేను చూశాను. మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి పోకిరీలని పట్టుకోవడం చూసి, ఈ పని మేమూ చేశాం, కాకపోతే మా దగ్గర ఫోన్లూ కెమెరాలూ లేవు అంది. కాలేజీ వదిలే టైముకి వాళ్లు బందరు బస్టాండులో మామూలు చీరల్లో నిలబడేవాళ్లట. దానికి ఏ పేరూ లేదు, ఎవరూ ఫొటో తీయలేదు.

మీ శాఖ ఈ రోజు మహిళల భద్రత గురించి చెప్పేటప్పుడు కథ 2014 నుంచో 2020 నుంచో మొదలవుతోంది. అది నాకు బాధగా ఉంది. దేశం మొత్తం మీద పోలీసుల్లో ఆడవాళ్లు ఇప్పటికీ నూటికి పన్నెండు మంది దగ్గరే ఉన్నారు. మన రెండు రాష్ట్రాలూ నియామకాల్లో మూడోవంతు ఆడవాళ్లకి కేటాయించే స్థితికి వచ్చాయి. ఆ అమ్మాయిలు ఠాణాలో అడుగుపెట్టేటప్పుడు, మనకంటే ముందు ఇక్కడ నిలబడినవాళ్లు వీళ్లు అని చూపించడానికి శాఖ దగ్గర ఏముంది?

ఈ పని చేయడం కష్టమేమీ కాదు. వాళ్లంతా పింఛనుదారులు. ఏటా ట్రెజరీలో బతికున్నట్టు ధ్రువపత్రం ఇస్తూనే ఉన్నారు. పేర్లు, చిరునామాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఎస్పీ కార్యాలయాల్లో పాత సర్వీసు పుస్తకాలు, నియామకాల రిజిస్టర్లు ఉంటాయి. చెదలు పట్టకముందే, పాత కాగితాల వేలంలో పోకముందే వాటిలో మహిళల పేర్లు వెతికించండి. అనంతపురం, విజయనగరం పోలీస్ ట్రైనింగ్ కాలేజీల్లో, హైదరాబాద్‌లోని రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పోలీస్ అకాడమీలో శిక్షణ తీసుకుంటున్న మహిళా ఎస్సైలకి, కానిస్టేబుళ్లకి దీన్ని శిక్షణలో భాగం చేయండి. ఒక్కో ట్రైనీ ఒక్కో రిటైరైన అమ్మ దగ్గరికి వెళ్లి ఒక పూట కూర్చోవాలి. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు, పెద్ద ఖర్చేమీ లేదు. సాక్షి చెప్పేది ఓపిగ్గా వినడం పోలీసు ఉద్యోగానికి మొదటి అవసరం కదా. ఆ పని వీళ్ల దగ్గరే నేర్చుకుంటారు.

ఒక్క షరతు. వాళ్లు చెప్పినది చెప్పినట్టు ఉంచాలి. శ్రీకాకుళం యాస శ్రీకాకుళంలాగే, నల్లగొండ యాస నల్లగొండలాగే ఉండాలి. తీపి కబుర్లే ఏరుకోకూడదు. పై అధికారుల నుంచి ఎదుర్కొన్నవి, తోటి మగ కానిస్టేబుళ్ల మాటలు, గర్భంతో ఉన్నప్పుడు చేసిన నైట్ డ్యూటీలు, ప్రమోషన్ కోసం ఎదురుచూసిన ఏళ్లు కూడా వాళ్లు చెబుతారు. చెప్పినందుకు పింఛనుకి ఏ ఇబ్బందీ రాదని మీరు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. నవ్వకండి, ఆ భయం వాళ్లకి నిజంగా ఉంది. అమ్మమ్మ సారా వేలం మెమో గురించి మాతో చెప్పేటప్పుడు కూడా తలుపు వేసి చెప్పేది. బాధితుల పేర్లు, ఊళ్లు మాత్రం ఎక్కడా బయటికి రాకూడదు.

హోంగార్డులుగా పనిచేసిన ఆడవాళ్లని కూడా కలపండి. వాళ్లకి పింఛను లేదు, కాబట్టి ట్రెజరీ జాబితాలో దొరకరు. ఠాణాల్లో పాతవాళ్లని అడిగి వెతకాల్సి వస్తుంది. వెతకండి.

ఏటా అక్టోబరు 21న అమరవీరుల దినం జరుపుతారు. 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయిన పదిమంది పోలీసుల జ్ఞాపకంగా మొదలైన రోజు అది. విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన వాళ్ల పేర్లు వరసగా చదువుతుంటే ఎన్నిసార్లు విన్నా కళ్లు చెమరుస్తాయి. ప్రాణం పోకుండా ముప్పై అయిదేళ్లు నిలబడి ఇంటికెళ్లిన వాళ్ల పేర్లు చదివే రోజు కూడా ఒకటి ఉండాలి. మార్చి 8న ఠాణాల్లో ముగ్గుల పోటీలు, కేకులు పెడుతున్నారు. ఆ రోజు ప్రతి జిల్లా పోలీసు కార్యాలయంలో ఆ జిల్లా తొలి మహిళా కానిస్టేబుళ్ల పేర్లు చదివించండి. ఉన్నవాళ్లని కారు పంపి పిలిపించండి, రాలేనివాళ్ల ఇంటికి ఎస్పీ గారే వెళ్లండి. అమ్మమ్మ రిటైరైన రోజు శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో దిగారు. ఆ తర్వాత ఆవిడ చనిపోయేదాకా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క ఫోను రాలేదు. ఆవిడ ఎవరినీ తప్పుపట్టలేదు. నాకు మాత్రం ఆ ఫోను రావాల్సిందనే అనిపిస్తుంది.

ఆవిడ దగ్గర కొన్ని నోటు పుస్తకాలు ఉన్నాయి. డ్యూటీ వేసిన చోట్లు, తేదీలు, కొన్నిచోట్ల చిన్న చిన్న గుర్తులు పెన్సిలుతో రాసుకుంది. వాటిలో బాధితుల పేర్లున్న పేజీలు ఉన్నాయి కాబట్టి మేం ఎవరికీ చూపించలేదు. ఖాకీ చీర, బెల్టు, టోపీ, నంబరు పలక భద్రంగా ఉన్నాయి. మీరు ఈ పని మొదలుపెడితే అన్నీ అప్పగించడానికి మా కుటుంబం సిద్ధంగా ఉంది. ఎవరికి, ఏ కార్యాలయంలో ఇవ్వాలో చెప్పండి.

ఆవిడతో పాటు చేరినవాళ్లలో మాకు తెలిసిన కొందరు బందరులో, ఏలూరులో, హైదరాబాద్ కొడుకుల ఇళ్లలో ఉన్నారు. ఈ లేఖ రాసే ముందు వాళ్లని అడిగాను. మాట్లాడతామన్నారు. ఒకావిడకి చూపు ఆనడం లేదు, ఇంకొకావిడ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారు. డయాలసిస్ లేని రోజు, ఉదయం టిఫిన్ అయ్యాక వెళితే ఓపిగ్గా మాట్లాడగలనని ఆవిడే చెప్పారు. వాళ్ల వివరాలు వాళ్ల అనుమతితో మీ కార్యాలయాలకి పంపుతున్నాను.

ఇట్లు,
రిటైరైన ఒక మహిళా ఏఎస్సై మనవరాలు